తెలుగు సినిమా పాటలకు ఏ యాప్? బిట్‌రేట్ కంటే ముందు చూడాల్సినవి

పాటల యాప్‌ల రివ్యూ అనగానే బిట్‌రేట్ల (సెకనుకి ఎంత శబ్ద సమాచారం వస్తుందో చెప్పే అంకె) పట్టిక వేసి, ఎక్కువ అంకె ఉన్నదానికి ఎక్కువ మార్కులు వేసేయడం అలవాటైపోయింది. తెలుగు సినిమా పాటలంటే ప్రాణం పెట్టేవాళ్లకి ఆ పట్టికతో తేలేది తక్కువ. మన పాట పాడయ్యేది 320 కేబీపీఎస్‌కీ, ఏమీ తగ్గించకుండా ఇచ్చే లాస్‌లెస్‌కీ మధ్య కాదు. తెలుగు పాట నొక్కితే హిందీది మోగుతుంది. హాల్లో ఒళ్లు జలదరించిన బిట్ ఆల్బమ్‌లో ఉండదు. పాట రాసినాయన పేరు ఎంత వెతికినా కనిపించదు. ఇవన్నీ దాటాక చెవికి సరిపడని ఇయర్‌బడ్ మిగతా పని పూర్తి చేస్తుంది. అందుకే స్పాటిఫై, జియోసావన్, యూట్యూబ్ మ్యూజిక్, యాపిల్ మ్యూజిక్ నాలుగింటినీ బ్లాక్‌బస్టర్ అభిమాని అవసరాలతోనే ఇక్కడ తూకం వేస్తున్నాను. వినే చోటు విశాఖపట్నం: ఆర్టీసీ బస్సు, బీచ్ రోడ్డు, అరకు రైలు.

కొత్తగా ఏ యాప్ వేసుకున్నా మొదట వెతకాల్సింది ‘సిత్తరాల సిరపడు’. 2020 సంక్రాంతికి వచ్చిన ‘అల వైకుంఠపురములో’ క్లైమాక్స్ ఫైట్ మీద వచ్చే పాట ఇది. సంగీతం తమన్, సాహిత్యం విజయ్ కుమార్ భల్లా, పాడింది సూరన్న, సాకేత్. సినిమాకి ముందు వదిలిన పాటల్లో ఇది లేదు, హాల్లోనే మొదటిసారి విన్నాం. కాబట్టి ముందుగా వచ్చిన ఆల్బమ్ తెరిచి వెతికితే దొరక్కపోవచ్చు, విడిగా వెతకాలి. ఒకసారి తెలుగు లిపిలో కొట్టండి, తర్వాత ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు మూడు స్పెల్లింగులతో కొట్టి చూడండి. ప్రతిసారీ అసలు పాటే మొదట వస్తే ఆ యాప్‌కి తెలుగు వచ్చినట్టే. డీజే రీమిక్సులు, కవర్ పాటలు ముందొచ్చి అసలుది ఐదో స్థానంలో కూర్చుంటే ఆ యాప్‌తో రోజూ ఇదే అవస్థ. పరీక్షకి ఈ పాటే ఎందుకంటే, మన ఉత్తరాంధ్ర యాసని ఎక్కువగా కామెడీ సీన్లకే వాడుకునే సినిమాల్లో, ఆ యాసతోనే హీరో ఫైట్‌ని నిలబెట్టిన పాట ఇది. దీన్ని దాచిపెట్టే యాప్ విశాఖ వాళ్లకి అక్కర్లేదు.

రెండో పరీక్ష ‘ఆర్ఆర్ఆర్’లోని ‘నాటు నాటు’. హిందీలో ‘నాచో నాచో’, తమిళంలో ‘నాట్టు కూత్తు’, కన్నడలో ‘హళ్లి నాటు’, మలయాళంలో ‘కరింతోల్’. ఐదింటికీ ముఖచిత్రం దాదాపు ఒకటే, మొదట మోగే వాయిద్యాలూ అవే. హిందీ పాటలోనూ రాహుల్ సిప్లిగంజ్ గొంతే ఉంది గనక గొంతుని బట్టి కూడా పట్టుకోలేం, మాటలు మొదలయ్యాకే తెలుస్తుంది. పాన్ ఇండియా సినిమాలు పెరిగాక ఈ గందరగోళం ప్రతి పెద్ద ఆల్బమ్‌కీ వచ్చింది. దీనికి మందు రెండు పనులు. యాప్ వేసుకోగానే భాషల దగ్గర తెలుగు ఒక్కటే ఉంచి మిగతావి తీసేయండి. జియోసావన్ ఈ ఎంపికని మొదట్లోనే అడుగుతుంది, పాటించడంలోనూ అదే మెరుగు. రెండోది, వెతికినప్పుడు వచ్చిన పాటని నేరుగా ప్లేలిస్టులో వేయకుండా, దాని ఆల్బమ్ తెరిచి పేరు పక్కన ‘తెలుగు’ అని ఉందో లేదో చూసి అక్కడి నుంచి వేయండి. ఆటోప్లే కూడా ఆపేయాలి. లేకపోతే మన జాబితా అయిపోగానే యాప్ తనకి తోచిన భాషలోకి వెళ్లిపోతుంది.

ఇక రాసినవాళ్ల పేరు. ఈ విషయంలో నాలుగు యాప్‌లూ ఇంకా చాలా మెరుగవ్వాలి. 2023 మార్చిలో 95వ ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’కి ఉత్తమ ఒరిజినల్ పాట అవార్డు బాణీ కట్టిన కీరవాణికి ఎంత దక్కిందో, రాసిన చంద్రబోస్‌కీ అంతే దక్కింది. పాట అంటే బాణీ, మాట రెండూ అని ప్రపంచం ఒప్పుకుంది. మన యాప్‌ల ప్లేయర్ తెర మీద మాత్రం సంగీత దర్శకుడు, గాయకులు ఉంటారు, రచయిత ఉండడు. స్పాటిఫైలో, యాపిల్ మ్యూజిక్‌లో పాట పక్కనున్న మూడు చుక్కలు నొక్కి క్రెడిట్స్ తెరిస్తే రచయిత పేరు చాలా పాటలకి దొరుకుతుంది. దొరకని చోట తప్పు ఎక్కువగా యాప్‌ది కాదు, వివరాలు నింపి పంపాల్సిన ఆడియో కంపెనీది. అయినా యాప్‌ని పరీక్షించడానికి ఒక దారి ఉంది. అనకాపల్లిలో చదువుకున్న మన సిరివెన్నెల సీతారామశాస్త్రి పేరు కొట్టండి. ఆయన రాసిన పాటలు వరసగా వస్తే మంచిది. 1986 నాటి ‘సిరివెన్నెల’ సినిమా పాటలు మాత్రమే వస్తే, ఆ యాప్‌కి పాట రాసేవాళ్లంటూ ఉంటారని తెలియదన్నమాట.

బీజీఎం, అంటే నేపథ్య సంగీతం, దగ్గరికి వస్తే లెక్కలన్నీ మారిపోతాయి. బ్లాక్‌బస్టర్ చూసి బయటికొచ్చినవాళ్లు ఆరోజు రాత్రి వెతికేది పాట కాదు, ఇంటర్వెల్ బిట్. అది పాటల ఆల్బమ్‌లో ఉండదు. నేపథ్య సంగీతం వేరే పని, వేరే విడుదల. జాతీయ అవార్డులు కూడా రెంటినీ విడదీసే ఇస్తాయి: 2021 సంవత్సరానికి పాటల అవార్డు ‘పుష్ప’కి దేవిశ్రీ ప్రసాద్‌కి వెళ్లింది, నేపథ్య సంగీతం అవార్డు ‘ఆర్ఆర్ఆర్’కి కీరవాణికి వెళ్లింది. ఆడియో కంపెనీ బీజీఎంని వేరే ఆల్బమ్‌గా, తరచుగా సినిమా వచ్చిన చాలా రోజులకి వదులుతుంది. కొన్ని సినిమాలకి ఎప్పటికీ వదలదు. అందుకని సినిమా పేరుకి ‘ఓఎస్టీ’ (ఒరిజినల్ సౌండ్‌ట్రాక్) లేదా ‘ఒరిజినల్ స్కోర్’ అని చేర్చి వెతకాలి.

ఈ ఒక్క విషయంలో యూట్యూబ్ మ్యూజిక్‌ని మిగతా మూడూ అందుకోలేవు. ఆడియో కంపెనీ ఇచ్చిన ఆల్బమ్‌లతో పాటు యూట్యూబ్‌లో ఉన్న వీడియోలు కూడా అందులో మోగుతాయి గనక, వేదిక మీద పాడినవి, ప్రీ రిలీజ్ ఈవెంట్‌లో వాయించినవి, అధికారికంగా వదిలిన టీజర్ సంగీతం, అన్నీ ఒకే ప్లేలిస్టులో పెట్టుకోవచ్చు. జాగ్రత్త ఒకటుంది. అభిమానులు సినిమా నుంచి కోసి పెట్టిన బిట్లలో డైలాగులు, కత్తుల చప్పుళ్లు కలిసి ఉంటాయి, నాణ్యత అంతంతమాత్రం. కాపీరైట్ దెబ్బకి ఏ రోజైనా మాయమైపోతాయి, ప్లేలిస్టులో బూడిదరంగు గీత మిగులుతుంది. అధికారిక ఓఎస్టీ రాగానే దాన్ని వేసుకుని కోత బిట్ తీసేయండి. డబ్బిచ్చి కొన్న ఎంపీ3లు, పాత సీడీల నుంచి తీసుకున్న పాటలు ఉంటే కంప్యూటర్ బ్రౌజర్ నుంచి యూట్యూబ్ మ్యూజిక్‌లోకి ఎక్కించుకోవచ్చు. లక్ష పాటల దాకా పడతాయి. ఇంట్లో సీడీల పెట్టె ఉన్నవాళ్లకి ఇది చాలా విలువైన సదుపాయం.

ఇప్పుడు బిట్‌రేట్. స్పాటిఫైలో డబ్బు కట్టనివాళ్లకి మొబైల్‌లో గరిష్ఠం 160 కేబీపీఎస్, కడితే ప్లాన్‌ని బట్టి 320 దాకా. జియోసావన్ ప్రోలో 320. యూట్యూబ్ మ్యూజిక్‌లో 256 దగ్గర ఆగుతుంది. యాపిల్ మ్యూజిక్‌లో 2021 నుంచి లాస్‌లెస్ ఉంది, తర్వాత స్పాటిఫై కూడా తెచ్చింది. 320లో గంటకి 144 ఎంబీ ఖర్చవుతుంది, 160లో 72 ఎంబీ. రోజుకి 1.5 జీబీ డేటా ఉన్నవాళ్లు 320లో పెట్టుకుని పది గంటలు విన్నా సరిపోతుంది, కాబట్టి డేటాకి భయపడి నాణ్యత తగ్గించుకోనక్కర్లేదు. డేటా తినేది పాట కాదు, లిరికల్ వీడియో. యూట్యూబ్ మ్యూజిక్‌లో వీడియోని ఆపి ఆడియో మాత్రమే మోగేలా పెట్టుకోవాలి.

లాస్‌లెస్ కోసం యాపిల్ మ్యూజిక్ తీసుకుని బ్లూటూత్ బడ్స్‌తో వింటే దానికి కట్టిన డబ్బు వృథా. మామూలు బడ్స్‌కి పాట ఎస్‌బీసీ లేదా ఏఏసీ కోడెక్‌లో (శబ్దాన్ని కుదించే పద్ధతిలో) మళ్లీ కుదించుకునే వెళుతుంది. ఎక్కువ నాణ్యతనిచ్చే ఎల్‌డాక్ కోడెక్ ఉన్నా అత్యధికం 990 కేబీపీఎస్, బస్సులో జనం మధ్య సిగ్నల్ చెదిరితే అదీ తగ్గిపోతుంది. లాస్‌లెస్ వినాలంటే వైరు ఉన్న ఇయర్‌ఫోన్ కావాలి. ఫోన్‌కి జాక్ లేకపోతే టైప్-సీ డాంగిల్ కావాలి. అలా వినేవాళ్లకి మాత్రం యాపిల్ మ్యూజిక్ మంచి ఎంపిక, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ పనిచేస్తుంది.

బిట్‌రేట్ కంటే చెవికి ఎక్కువ తేడా తెలిసేది శబ్ద స్థాయి సవరణ. మాస్ పాటల్ని మాస్టరింగ్‌లో, అంటే విడుదలకి ముందు చేసే చివరి శబ్ద సవరణలో, గట్టిగా నొక్కేసి వదులుతారు, మెలొడీలు కాస్త నెమ్మదిగా ఉంటాయి. రెండూ కలిపి షఫుల్‌లో వింటే ఒక పాటకి చెవులు చిల్లులు పడతాయి, తర్వాతిది వినపడదు. స్పాటిఫైలో వాల్యూమ్ నార్మలైజేషన్ ‘నార్మల్’లో ఉంచితే పాటలన్నీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గరికి వస్తాయి. ‘లౌడ్’ పెట్టకండి. అది నెమ్మది పాటల్ని మైనస్ 11కి లేపడానికి శబ్దం పై అంచుల్ని నొక్కేసే లిమిటర్ వాడుతుంది, మెలొడీలోని వీణ మీటు, తబలా మొదటి దెబ్బ మొద్దుబారిపోతాయి. రెండు యాప్‌లని పోల్చి చూసేటప్పుడు రెంటిలోనూ ఈ సవరణ ఆపాలి, యాపిల్‌లో దాని పేరు సౌండ్ చెక్. అలా చేయకపోతే కొంచెం గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది. చాలా పోలికలు తప్పుతోవ పట్టేది ఇక్కడే.

హాల్లో గుండెల్లో మోగిన దరువు ఫోన్‌లో ఎందుకు లేదని చాలామంది యాప్‌ని తిడతారు. ఆల్బమ్‌లో ఉండేది రెండు చానళ్ల స్టీరియో మిక్స్. హాల్లో మోగేది వేరే మిక్స్, దాంట్లో లోతైన దరువు శబ్దాలకి ప్రత్యేక చానల్, దానికి పెద్ద సబ్‌వూఫర్లు ఉంటాయి. శబ్దాన్ని చుట్టూ, పైనుంచీ వినిపించే డాల్బీ అట్మాస్ హాలైతే 64 స్పీకర్ లైన్ల దాకా విడివిడిగా శబ్దం పంపవచ్చు. యాపిల్ మ్యూజిక్‌లో కొన్ని ఆల్బమ్‌లకి డాల్బీ అట్మాస్ గుర్తు కనిపిస్తుంది, అది హాల్లో విన్న మిక్స్ అనుకోకూడదు. రెండు ఇయర్‌బడ్స్‌లో చుట్టూ శబ్దం ఉన్న భ్రమ కల్పించడానికి చేసిన ఏర్పాటు. డప్పు, తీన్మార్ మీద నడిచే పాటల్లో అది దెబ్బల పదును తగ్గించి గొంతుని వెనక్కి నెట్టేస్తుంది. మాస్ పాటలకి సెట్టింగ్స్‌లో అట్మాస్ ఆపేసి స్టీరియోలోనే వినండి. కోరస్, తీగ వాయిద్యాలు నిండుగా ఉన్న మెలొడీలకి ఉంచుకుంటే బాగుంటుంది.

దరువు కావాలంటే ఈక్వలైజర్‌తో (లోతైన, సన్నని శబ్దాల్ని విడివిడిగా పెంచి తగ్గించే సెట్టింగ్) కొంత తెచ్చుకోవచ్చు. స్పాటిఫై ఈక్వలైజర్‌లో 60, 150, 400 హెర్ట్జ్, 1, 2.4, 15 కిలోహెర్ట్జ్ అని ఆరు చుక్కలుంటాయి. 60ని కొంచెం లేపి, 400ని కొంచెం దించండి. 150 జోలికి వెళ్లకండి, లేపితే మగ గొంతులు బొంగురుగా ముద్దకట్టేస్తాయి. నాదస్వరం, ట్రంపెట్లు చెవిలో గుచ్చుకుంటుంటే 2.4ని ఒక పిసరు తగ్గించాలి. అన్నీ పైకి లేపేస్తే పాట చిట్లుతుంది, ఎందుకంటే మాస్ పాటల మాస్టర్లలో పైకి లేవడానికి ఖాళీ మిగల్చరు.

ఈక్వలైజర్ ముట్టుకునే ముందు ఇయర్‌బడ్ రబ్బరు సరిపోయిందో లేదో చూడాలి. పాట మోగుతుండగా బడ్‌ని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. దరువు ఒక్కసారిగా పెరిగితే రబ్బరు చిన్నదైందని అర్థం, పెట్టెలో ఇచ్చిన పెద్ద సైజు వేయండి. మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా బస్సులో వినేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఇంజిన్ గుర్రుమనే చప్పుడు సరిగ్గా దరువు ఉండే చోటే కూర్చుని దాన్ని కప్పేస్తుంది. అప్పుడు జనం వాల్యూమ్ పెంచుతారు, దరువు రాదు గానీ గొంతులు అరుపులైపోతాయి, చెవులు పాడవుతాయి. రబ్బరు బిగువుగా కూర్చుంటే సగం వాల్యూమ్ చాలు. బయటి చప్పుడు తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ కూడా ఈ ఇంజిన్ చప్పుడు మీదే బాగా పనిచేస్తుంది. ఆర్కే బీచ్‌లో మాత్రం దాన్ని ఆపేయాలి. సముద్రపు గాలి బడ్ మీది మైకులకి కొట్టి బుస్సుమనే శబ్దం పాటలోకి వస్తుంది.

మన ఊళ్లో ఇంకో శత్రువు ఉప్పుగాలి. చార్జింగ్ కేసులోని చిన్న లోహపు పిన్నులు పచ్చబడతాయి, అప్పుడు ఒకవైపు బడ్ చార్జ్ ఎక్కదు, బడ్ పోయిందనుకుంటాం. దూది పుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొంచెం తడిపి పిన్నుల్నీ, బడ్ మీది చుక్కల్నీ తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. ఒకవైపు శబ్దం తగ్గితే జాలీలో గులివి చేరిందేమో చూడండి. మెత్తని బ్రష్‌తో, జాలీని కిందికి తిప్పి దులపాలి. పిన్నీసుతో పొడిస్తే జాలీ చిరుగుతుంది.

అరకు రైలెక్కేవాళ్లు ముందురోజు రాత్రే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఆ దారిలో బోలెడు సొరంగాలు, ఘాట్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. డౌన్‌లోడ్ నాణ్యత అనే సెట్టింగ్ స్ట్రీమింగ్ నాణ్యతకి వేరుగా ఉంటుంది, దాన్ని ముందు మార్చి తర్వాత డౌన్‌లోడ్ నొక్కండి. నాలుగు నిమిషాల పాట 320లో 9.6 ఎంబీ, అంటే వంద పాటలకి జీబీ కంటే కొంచెం తక్కువ. లాస్‌లెస్‌లో అవే వంద దాదాపు మూడు జీబీ. డౌన్‌లోడ్ ఉన్న ప్లాన్‌లో స్పాటిఫై ఒక్కో పరికరంలో 10,000 పాటలు, ఐదు పరికరాల దాకా దాచుకోనిస్తుంది, కానీ 30 రోజులకి ఒకసారైనా నెట్‌కి కలపాలి, లేకపోతే డౌన్‌లోడ్లు పోతాయి.

పాత పాటల గురించి క్లుప్తంగా. విజయనగరంలో పుట్టిన పి. సుశీల గొంతు వినాలంటే ‘సూపర్ హిట్స్’ సంకలనాల్లో కాకుండా సినిమా పేరుతో ఉన్న ఆల్బమ్‌లో వినండి. ఒకే పాట పది సంకలనాల్లో పది రకాల మాస్టర్లతో ఉంటుంది, కొన్నింటిలో వేగమే తేడాగా ఉంటుంది. ఝంకార్ బీట్స్ అని కనిపిస్తే నొక్కకండి. ఆ గొంతుకి డ్రమ్ మెషిన్ జత చేయడం అపచారం.

డబ్బు విషయం. ఇంటర్ చదివేవాళ్లకి స్పాటిఫై స్టూడెంట్ ప్లాన్ దొరకదు. 18 ఏళ్లు నిండి, డిగ్రీ లేదా ఇంజినీరింగ్ లాంటి చదువులో చేరినట్టు రుజువు కావాలి. ఇంట్లో వాళ్లందరూ కలిసి యూట్యూబ్ మ్యూజిక్ ఫ్యామిలీ ప్లాన్ తీసుకుంటే తలసరి ఖర్చు తగ్గుతుంది, ఆరుగురి దాకా పడతారు, ఒకే చిరునామాలో ఉండాలి. అమ్మ ఫోన్‌కి వేరే ఖాతా ఉండాలి, ఒకే ఖాతాని ఇద్దరూ వాడితే ఒకరి పాట మొదలవగానే ఇంకొకరిది ఆగిపోతుంది, సిఫార్సులూ కలగాపులగమవుతాయి. ట్రయల్ తీసుకునేటప్పుడు యూపీఐ ఆటోపే అనుమతి అడుగుతారు. వద్దనుకుంటే గడువుకి రెండు రోజుల ముందే యాప్‌లో ప్లాన్ రద్దు చేసి, యూపీఐ యాప్‌లో ఆటోపే మాండేట్‌ని కూడా రద్దు చేయండి. ఫోన్ నుంచి యాప్ తీసేస్తే ప్లాన్ ఆగదు.

ఒక్కటే ఎంచుకోవాలంటే సినిమా వెర్రి ఉన్నవాళ్లకి నా ఓటు యూట్యూబ్ మ్యూజిక్‌కి, అదీ డబ్బు కట్టగలిగితేనే. ఉచితంగా వాడితే ఫోన్ తెర ఆపగానే పాట ఆగిపోతుంది, బస్సులో అది పనికిరాదు. పాటలు మాత్రమే చాలు, బీజీఎం పట్టింపు లేదంటే స్పాటిఫై. ప్లేలిస్టులు, క్రెడిట్స్, ఈక్వలైజర్ మూడూ అందులో చక్కగా కుదిరాయి. పైసా పెట్టకుండా ప్రకటనలతో సర్దుకుంటామంటే జియోసావన్. గానా యాప్ 2022లో చందా పద్ధతికి మారింది, కాబట్టి దాన్ని ఆ లెక్కలోకి తీసుకోలేదు.

ఎయిర్‌టెల్ వాళ్ల పాటల యాప్ వింక్ మ్యూజిక్ 2024లో మూతపడింది. అలాంటి రోజు ఏ యాప్‌కైనా రావచ్చు, డౌన్‌లోడ్ చేసిన పాటలు కూడా దానితోపాటే పోతాయి, ఎందుకంటే అవి ఆ యాప్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోవు. మీ ప్లేలిస్టుని నోట్స్‌లోనో కాగితం మీదో కూడా రాసి ఉంచుకోండి: పాట మొదటి మాటలు, సినిమా, సంవత్సరం, పాడినవాళ్లు, రాసినవాళ్లు. పాట పేరు ఒక్కటే రాసుకుంటే కొత్త యాప్‌లో మళ్లీ ఐదు భాషల మధ్య వెతుక్కోవాల్సి వస్తుంది.